చుట్టు తిరిగినా ముందే చేరింది

2016 అక్టోబరు 16న ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో బయల్దేరిన ఎయిరిండియా విమానం రోజూ వెళ్ళే పడమటి దారి వదిలేసి తూర్పుకి మళ్ళింది. అంతకుముందు దాకా ఆ సర్వీసు యూరప్ మీదుగా అట్లాంటిక్ దాటి వెళ్ళేది. ఆ దారి పొడవు సుమారు 13,900 కిలోమీటర్లు. తూర్పు దారిన పసిఫిక్ దాటి వెళితే సుమారు 15,300 కి.మీ. అంటే 1,400 కి.మీ. అదనం. హైదరాబాద్ నుంచి ఢిల్లీకి కూడా అంత దూరం లేదు. అయినా ఆ విమానం పద్నాలుగున్నర గంటల్లో దిగేసింది. దగ్గర దారిలో పట్టే సమయం కంటే దాదాపు రెండు గంటలు తక్కువ!

కారణం గాలి. నేలకి తొమ్మిది నుంచి పన్నెండు కిలోమీటర్ల ఎత్తున పడమటి నుంచి తూర్పుకి వీచే బలమైన గాలి ప్రవాహాలున్నాయి. జెట్ స్ట్రీమ్ అంటారు. శీతాకాలంలో వాటి వేగం గంటకి 300 కి.మీ. దాటడం కూడా ఉంది. తూర్పుకి వెళ్ళే విమానాన్ని ఆ గాలి వెనకనుంచి తోస్తుంది, పడమరకి వెళ్ళేదాన్ని ఎదురొచ్చి ఆపుతుంది. అందుకే ఎయిరిండియా ఆ సర్వీసుని వెళ్ళేటప్పుడు పసిఫిక్ మీదుగా, వచ్చేటప్పుడు అట్లాంటిక్ మీదుగా నడిపింది. రెండు వైపులా తూర్పుకే ప్రయాణం. వెళ్ళి వచ్చేసరికి భూప్రదక్షిణ పూర్తయ్యేది. 2017 మహిళా దినోత్సవానికి ముందు మొత్తం మహిళా సిబ్బందితోనే ఆ ప్రదక్షిణ ఒకసారి చేయించారు కూడా.

సుదూర విమాన ప్రయాణాల రికార్డులు చూస్తుంటే పదే పదే తేలే విషయం ఇదే. మ్యాపు మీద కిలోమీటర్లు ఎన్ని ఉన్నా, ఎన్ని గంటలు పడుతుందో చెప్పేవి వేరే: గాలి, ఇంధనం, తెరిచి ఉన్న ఆకాశం. ఈ మూడూ కలిసొచ్చిన రోజున రికార్డులు పుడతాయి.

గాలి సంగతే ఇంకొకటి చెప్పాలి. 2020 ఫిబ్రవరిలో సియారా తుపాను అట్లాంటిక్‌ని అతలాకుతలం చేస్తున్న రాత్రి న్యూయార్క్ నుంచి లండన్ వచ్చిన బ్రిటిష్ ఎయిర్‌వేస్ 747 విమానం 4 గంటల 56 నిమిషాల్లో దిగింది. మామూలుగా ఆరున్నర, ఏడు గంటల ప్రయాణం అది. ఒక దశలో నేలతో పోల్చి చూస్తే గంటకి 1,300 కి.మీ. పైగా వేగం అందుకుంది. అంటే ధ్వని కంటే వేగంగా పోయిందని కాదు, చుట్టూ ఉన్న గాలే దాన్ని మోసుకుపోయింది. ధ్వనిని దాటి ఎగిరిన కాంకార్డ్‌కి ఇదే దారిలో 1996 ఫిబ్రవరిలో పట్టింది 2 గంటల 52 నిమిషాల 59 సెకన్లు. ప్రయాణికుల విమానాల్లో ఆ రికార్డు ఇప్పటికీ చెక్కు చెదరలేదు.

ఇంధనమే సగం బరువు

ఇవాళ రోజువారీగా తిరిగే నాన్‌స్టాప్ సర్వీసుల్లో అన్నిటికంటే పొడవైనది సింగపూర్ నుంచి న్యూయార్క్ కెనడీ విమానాశ్రయానికి వెళ్ళేది. 15,349 కి.మీ. టైంటేబుల్లో రాసేది దాదాపు పద్దెనిమిదిన్నర, పందొమ్మిది గంటలు. ఊరి పక్కనే ఉన్న న్యూవార్క్ విమానాశ్రయానికి ఇంకో సర్వీసు ఉంది. దూరంలో దీనికంటే కొద్ది కిలోమీటర్లే తక్కువ.

ఈ దారికి ఒక కథ ఉంది. సింగపూర్ ఎయిర్‌లైన్స్ 2004లోనే న్యూవార్క్‌కి నాన్‌స్టాప్ మొదలుపెట్టింది. నాలుగు ఇంజన్ల ఎయిర్‌బస్ ఎ340-500 విమానాలు తాగే ఇంధనానికి ఖర్చు గిట్టుబాటు కాక 2013లో ఆపేసింది. మళ్ళీ 2018 అక్టోబరులో రెండే ఇంజన్ల ఎ350-900 యూఎల్ఆర్ వచ్చాక మొదలైంది. దీన్లో 1,65,000 లీటర్ల ఇంధనం పడుతుంది. మామూలు ఎ350-900లో పట్టేదానికంటే 24,000 లీటర్లు ఎక్కువ. బరువు లెక్కేస్తే సుమారు 130 టన్నులు. మొత్తం విమానం గరిష్ఠంగా 280 టన్నులతో గాల్లోకి లేవచ్చు. అంటే లేచేటప్పటి బరువులో సగానికి దగ్గరగా ఉన్నది ఇంధనమే. కాలినడకన కాశీకి వెళ్ళేవాడు దారి బత్తెం మోసినట్టు, తొలి గంటల్లో కాల్చే ఇంధనంలో మంచి వాటా చివరి గంటల ఇంధనాన్ని మోయడానికే పోతుంది. దూరం పెరిగేకొద్దీ ఈ మోత పెరుగుతుంది. అందుకే ఇందులో సీట్లు 161 మాత్రమే. 67 బిజినెస్, 94 ప్రీమియం ఎకానమీ. మామూలు ఎకానమీ సీటు ఒక్కటీ లేదు. టికెట్ ధర ఎందుకు అంత ఉంటుందో దీన్నిబట్టే తెలుస్తుంది.

సింగపూర్ రికార్డుని దాటిన ప్రయాణికుల విమానం ఒకటుంది, అదీ అనుకోకుండా దాటింది. దక్షిణ పసిఫిక్‌లోని తాహితీ దీవి ఫ్రాన్స్ అధీనంలో ఉంది. అక్కడి పపీతె నుంచి పారిస్ వెళ్ళే విమానం దారిలో లాస్ ఏంజెలెస్‌లో ఆగి ఇంధనం పోయించుకుంటుంది. 2020 మార్చిలో కరోనా ఆంక్షలతో అమెరికాలో దిగే వీల్లేకపోయింది. ఎయిర్ తాహితీ నుయీ సంస్థ ఆగకుండానే వెళ్ళిపోదామని నిర్ణయించుకుంది. ప్రయాణికులు తక్కువ, గాలి అనుకూలం. 15,715 కి.మీ. పదహారు గంటల్లోపే ముగించి పారిస్‌లో దిగింది. దూరంలో సింగపూర్ సర్వీసుని మించింది, సమయంలో దానికంటే రెండు మూడు గంటలు తక్కువ. ఇంకో విశేషం, రెండు ఊళ్ళూ ఫ్రాన్స్‌వే కాబట్టి ఇది దేశీయ విమానం! భూగోళంలో మూడో వంతుకి పైగా దాటి కూడా ఆ ప్రయాణికులు వేరే దేశంలో అడుగు పెట్టలేదు.

ప్రయాణికులకి టికెట్లు అమ్మని విమానాలదైతే లెక్క ఇంకోలా ఉంటుంది. 2005 నవంబరులో బోయింగ్ తన కొత్త 777-200ఎల్ఆర్ సత్తా చూపడానికి హాంకాంగ్ నుంచి లండన్‌కి పంపింది, అదీ తూర్పు వైపు నుంచి. పసిఫిక్, అమెరికా, అట్లాంటిక్ అన్నీ దాటి 21,601 కి.మీ. 22 గంటల 42 నిమిషాలు ఆగకుండా ఎగిరింది. తిన్నగా పోతే ఆ రెండు ఊళ్ళ మధ్య పదివేల కిలోమీటర్లు కూడా లేవు.

హైదరాబాద్ నుంచి డాలస్‌కి దారం

ఇంట్లో గ్లోబు ఉంటే ఒక దారం తీసుకోండి. ఒక కొస హైదరాబాద్ మీద, ఇంకో కొస డాలస్ మీద వేలితో నొక్కి, వదులు లేకుండా లాగండి. గోడకి వేలాడే మ్యాపు చూసి అరేబియా సముద్రం, యూరప్, అట్లాంటిక్ మీదుగా వెళుతుందనుకుంటాం. దారం అటు పోదు. నేరుగా ఉత్తరానికి పోతుంది. ఢిల్లీ పక్కనుంచి హిమాలయాలెక్కి, లద్దాఖ్ దాటి, చైనాలోని కాష్గర్ మీదుగా, కజకిస్తాన్ అడ్డంగా కోసుకుని, సైబీరియాలో ఓమ్‌స్క్ మీదుగా ఆర్కిటిక్ చేరుతుంది. ఉత్తర ధ్రువానికి సుమారు 500 కిలోమీటర్ల దగ్గర దాకా వెళ్ళి, కెనడా మంచు దీవుల మీదుగా దిగి, అమెరికాలో ఒమాహా పైనుంచి డాలస్‌లో ఆగుతుంది. కారణం చిన్నదే. హైదరాబాద్ 78 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది, డాలస్ 97 డిగ్రీల పడమటి రేఖాంశం మీద ఉంది. రెండూ కలిపితే 175. ఇంకో అయిదు డిగ్రీలుంటే దారం సరిగ్గా ధ్రువం మీంచే పోయేది.

ఆ దారం పొడవు లెక్క కడితే సుమారు 14,400 కి.మీ. సింగపూర్-న్యూయార్క్ కంటే దాదాపు తొమ్మిది వందల కిలోమీటర్లు తక్కువ. అంటే ఇవాళ ఉన్న విమానాలు ఎగరగలిగిన దూరమే. డాలస్ చుట్టుపక్కల ఎన్ని వేల తెలుగు కుటుంబాలున్నాయో వేరే చెప్పక్కర్లేదు. అయినా నేరుగా విమానం లేదు. దుబాయ్ మీదుగా వెళితే దూరం పెరిగేది వెయ్యి కిలోమీటర్ల చిల్లరే, గాల్లో గంటా పావు. అసలు సమయాన్ని తినేసేది ట్రాన్సిట్. నాలుగు గంటల నుంచి ఒక్కోసారి పది గంటల దాకా. పిల్లల దగ్గరికి బయల్దేరే అమ్మానాన్నలకి భయం కూడా గాల్లో కాదు, అక్కడే. ఏ గేటు, ఏ టెర్మినల్, బోర్డు మీద ఊరి పేరు ఎక్కడ. శుభ్రంగా నడవగలిగినవాళ్ళకి కూడా పిల్లలు టికెట్‌తోపాటు వీల్‌ఛెయిర్ బుక్ చేసేది అందుకే. కుర్చీ తోసే మనిషి తిన్నగా రెండో విమానం గేటు దగ్గర దింపుతాడు. నాన్‌స్టాప్‌కి నిజమైన విలువ ఏమిటో ఏ కిలోమీటర్ల పట్టికా చెప్పలేనంత బాగా ఆ కుర్చీ చెబుతుంది.

2021 జనవరిలో హైదరాబాద్ నుంచి షికాగోకి ఎయిరిండియా నాన్‌స్టాప్ వేసింది. ఎక్కువ కాలం నడవలేదు. అదే నెలలో మొదలైన బెంగళూరు-శాన్‌ఫ్రాన్సిస్కో సర్వీసు మాత్రం పేరు తెచ్చుకుంది. రెండు ఊళ్ళ మధ్య తిన్నటి దూరం 13,993 కి.మీ. కెప్టెన్ జోయా అగర్వాల్ నాయకత్వంలో కాక్‌పిట్‌లో నలుగురూ మహిళలే ఉన్న ఆ తొలి విమానం శాన్‌ఫ్రాన్సిస్కోలో బయల్దేరి, ఉత్తర ధ్రువం మీదుగా సుమారు పదిహేడు గంటల్లో బెంగళూరులో దిగింది.

దారం చూపిన దారిన విమానం ఎప్పుడూ వెళ్ళగలదని కాదు. టిబెట్, కారకోరం వంటి ఎత్తైన చోట్ల క్యాబిన్‌లో గాలి ఒత్తిడి పడిపోతే విమానం వెంటనే మూడు కిలోమీటర్ల ఎత్తుకి దిగాలి. కింద ఆరు, ఏడు కిలోమీటర్ల కొండలుంటే దిగేదెక్కడికి? అందుకే ఆ ప్రాంతాన్ని చాలా విమానాలు చుట్టి పోతాయి. కొండల్ని తప్పించుకోవచ్చు. మూసేసిన ఆకాశంతోనే ఇబ్బంది. యుక్రెయిన్ యుద్ధం మొదలైన 2022 నుంచి అమెరికా, యూరప్ సంస్థల విమానాలకి రష్యా గగనతలం మూతపడింది. ఫిన్లాండ్ సంస్థ ఫిన్‌ఎయిర్ అప్పటిదాకా హెల్సింకీ నుంచి టోక్యోకి తొమ్మిదిన్నర గంటల్లో చేర్చేది. ఇప్పుడు ధ్రువం మీదుగానో, దక్షిణానికి దిగి చుట్టుదారినో పదమూడు గంటలు పడుతోంది. 1983లో సోవియట్ ఆకాశం అందకపోతే ఇదే సంస్థ ఇదే ధ్రువం దారిన యూరప్ నుంచి టోక్యోకి తొలి నాన్‌స్టాప్ నడిపింది. నలభై ఏళ్ళ తర్వాత మళ్ళీ పాత దారికే వచ్చింది. ధ్రువం దాటిన ప్రయాణికులకి ఒక ధ్రువపత్రం కూడా ఇస్తున్నారు. మన సంగతి కూడా అలాగే ఉంది. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ గగనతలం మన విమానాలకి మూతపడ్డాక ఢిల్లీ నుంచి అమెరికా వెళ్ళే సర్వీసులు కొన్ని వియన్నాలో ఆగి ఇంధనం నింపుకోవలసి వచ్చింది.

రెండు సూర్యోదయాల ప్రయాణం

నన్నడిగితే, ఇప్పటిదాకా చెప్పిన రికార్డులన్నిటికంటే గొప్పది జెట్ విమానాలు రాకముందే జరిగింది, మనకి దగ్గర్లో, శ్రీలంకలో.

1942 ఫిబ్రవరిలో సింగపూర్ జపాన్ చేతికి చిక్కింది. దాంతో ఆస్ట్రేలియాకీ ఇంగ్లండ్‌కీ మధ్య విమాన మార్గం తెగిపోయింది. దాన్ని మళ్ళీ కలపడానికి క్వాంటాస్ 1943లో ఒక సాహసానికి పూనుకుంది. పశ్చిమ ఆస్ట్రేలియాలోని పెర్త్ నుంచి శ్రీలంక దక్షిణ కొసన గాల్ దగ్గరున్న కొగ్గల సరస్సుకి, హిందూ మహాసముద్రం మీదుగా ఆగకుండా సుమారు 5,650 కి.మీ. ఇవాళ్టి జెట్‌కి ఏడు గంటల పని. వాళ్ళ దగ్గరున్నవి కాటలీనా విమానాలు. నీళ్ళమీద దిగేవి, గంటకి రెండు వందల కిలోమీటర్ల వేగంతో పోయేవి. ప్రయాణం 27 నుంచి 32 గంటలు.

అంత దూరానికి ఇంధనం నింపాక మిగిలే బరువెంత? ముగ్గురు ప్రయాణికులు, 69 కిలోల ఉత్తరాలు. అంతే. దారిలో జపాన్ యుద్ధ విమానాలు తిరుగుతున్నాయి. ఆయుధాలు లేవు. శత్రువు చెవిన పడకుండా రేడియో నోరు మూసుకోవాలి. కాబట్టి దారి చెప్పేవి చుక్కలే. శత్రువు ఉండే చోటు చీకట్లో దాటేలా బయల్దేరే వేళ లెక్కగట్టేవారు. అయిదు విమానాలకీ నక్షత్రాల పేర్లే పెట్టారు: ఆల్టేర్, వేగా, రైజెల్, అంటారీస్, స్పైకా. మన పంచాంగం భాషలో చెప్పాలంటే శ్రవణం, అభిజిత్తు, జ్యేష్ఠ, చిత్త వాటిలో ఉన్నాయి. విమానంలో ఉండగానే ప్రయాణికులు రెండుసార్లు సూర్యోదయం చూసేవారు. వాళ్ళకి ‘డబుల్ సన్‌రైజ్ రహస్య సంఘం’ సభ్యులని ఒక ధ్రువపత్రం ఇచ్చేవారు.

అన్నిటికంటే ఎక్కువసేపు సాగిన ప్రయాణం 32 గంటల 9 నిమిషాలు. ప్రయాణికులని ఎక్కించుకుని ఎగిరిన సర్వీసుల్లో గాల్లో ఉన్న సమయం లెక్కన ఇంతవరకూ దాన్ని దాటినవాళ్ళు లేరు. 1945 దాకా 271 సార్లు ఆ సముద్రం దాటారు. ఒక్క విమానం కూడా పోలేదు. ఆ గంటల్ని తలుచుకుంటే ఇవాళ పద్దెనిమిది గంటలు కాళ్ళు చాపుకోను చోటు లేదని విసుక్కోవడానికి నాకు నోరు రాదు.

యుద్ధం అయిపోయాక 1947 డిసెంబరులో సిడ్నీ-లండన్ మార్గం పూర్తిగా ఒకే సంస్థ చేతి మీదుగా మొదలైంది. డార్విన్, సింగపూర్, కలకత్తా, కరాచీ, కైరో, ట్రిపోలీలలో ఆగుతూ నాలుగు రోజుల ప్రయాణం, 29 మంది ప్రయాణికులు. 2018 మార్చిలో అదే క్వాంటాస్ పెర్త్ నుంచి లండన్‌కి 14,500 కి.మీ. ఆగకుండా పదిహేడు గంటల్లో నడపడం మొదలుపెట్టింది. ఆస్ట్రేలియాకీ యూరప్‌కీ మధ్య అదే తొలి నాన్‌స్టాప్.

ఇప్పుడు సిడ్నీ-లండన్ నాన్‌స్టాప్‌కి సిద్ధమవుతోంది. దూరం సుమారు 17,000 కి.మీ., సమయం 22 గంటల దాకా. అదనంగా 20,000 లీటర్ల ట్యాంకు బిగించిన ఎ350-1000 విమానాలతో 2027లో మొదలుపెట్టాలని సంస్థ ప్రణాళిక. కాటలీనాల గుర్తుగా దానికి ప్రాజెక్ట్ సన్‌రైజ్ అని పేరు పెట్టారు. 2019 అక్టోబరులో న్యూయార్క్ నుంచి సిడ్నీకి 49 మందితో పరీక్షగా ఎగిరినప్పుడు 16,200 కిలోమీటర్లకి 19 గంటల 16 నిమిషాలు పట్టింది. ఎక్కగానే అందరూ గడియారాలు సిడ్నీ టైముకి తిప్పుకున్నారు. న్యూయార్క్‌లో రాత్రయినా సిడ్నీలో పగలు కాబట్టి లైట్లు వేసే ఉంచి, కారంగా వండినవి పెట్టి, నిద్రపోకుండా చూశారు. గంటలు గడిచాక పిండిపదార్థాలు ఎక్కువగా ఉన్న భోజనం పెట్టి, లైట్లు తగ్గించి పడుకోనిచ్చారు. పైలట్ల తలకి మెదడు తరంగాలు కొలిచే పరికరాలు తగిలించారు. విమానం ఇరవై రెండు గంటలు ఎగరగలదని తేలిపోయింది. మనిషి సంగతి తేల్చడానికే ఆ పరీక్ష.

నిన్నటికి వెళ్ళే విమానం, రెండు నిమిషాల విమానం

పసిఫిక్‌లో సమోవా, అమెరికన్ సమోవా పక్కపక్క దీవులు. మధ్యలో అంతర్జాతీయ దినరేఖ ఉంది. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లతో వ్యాపారం కలిసిరావాలని సమోవా 2011లో డిసెంబరు 30ని క్యాలెండర్లోంచి తీసేసి దినరేఖకి అటు దూకేసింది. ఇప్పుడు రెండు దీవుల గడియారాలకీ తేడా సరిగ్గా 24 గంటలు. ఆదివారం సాయంత్రం సమోవాలో చిన్న విమానం ఎక్కితే, అరగంట పైచిలుకులో పక్క దీవిలో దిగేసరికి శనివారం సాయంత్రం.

స్కాట్లాండ్ ఉత్తరాన ఆర్క్నీ దీవుల్లో వెస్ట్రే నుంచి పాపా వెస్ట్రేకి వెళ్ళే విమానం ప్రపంచంలోకెల్లా చిన్న సర్వీసు. 1967 నుంచి లోగన్‌ఎయిర్ నడుపుతోంది. దూరం 2.7 కి.మీ. టైంటేబుల్లో రెండు నిమిషాలు. గాలి బాగా తోడైన రోజున 53 సెకన్లలో దిగిన రికార్డుంది. శంషాబాద్ పెద్ద రన్‌వే పొడవు 4,260 మీటర్లు. ఆ సర్వీసు మొత్తం దూరం దీన్లో సగం చిల్లర! ఎనిమిది మంది పట్టే ఆ విమానాన్ని సరదాకి ఎక్కేవాళ్ళూ ఉన్నారు గానీ, రోజూ దాన్ని నమ్ముకున్నది పాపా వెస్ట్రేకి వెళ్ళే టీచర్లు, వైద్యానికి పోయే రోగులు.

ఇంకెంత దూరం?

భూమ్మీద ఏ రెండు చోట్లకీ మధ్య దూరం సుమారు 20,000 కిలోమీటర్లని మించదు. గోళానికి సరిగ్గా అవతలి వైపు అంటే అంతే. సిడ్నీ-లండన్ మొదలైతే ఇక మిగిలేది మూడు వేల కిలోమీటర్లే. సరిగ్గా ఎదురెదురుగా పడిన విమానాశ్రయాలు తక్కువ. ఇండోనేషియాలో పాలెంబాంగ్‌కి అవతల వైపు కొలంబియాలో నేవా ఉంది. తేడా ఆరేడు కిలోమీటర్లకి మించి ఉండదు. న్యూజిలాండ్‌లోని ఆక్లండ్‌కి అవతల స్పెయిన్. షాంఘైకి అవతల బ్యూనస్ ఎయిరిస్‌కి ఉత్తరాన ఉన్న అర్జెంటీనా నేల. 2025 డిసెంబరులో చైనా ఈస్టర్న్ సంస్థ షాంఘై నుంచి ఆక్లండ్‌లో ఒక హాల్టుతో బ్యూనస్ ఎయిరిస్‌కి సర్వీసు వేసింది. వెళ్ళడానికి ఇరవై అయిదున్నర గంటలు, రావడానికి దాదాపు ఇరవై తొమ్మిది. ఆ మూడున్నర గంటల తేడా మళ్ళీ గాలి వల్లే.

హైదరాబాద్‌కి అవతల వైపు ఏ ఊరూ లేదు, దక్షిణ పసిఫిక్‌లో నీళ్ళే. ఆ చోటుకి దగ్గర్లో ఉన్న విమానాశ్రయం చిలీకి చెందిన ఈస్టర్ దీవిలోని మతావేరి. పెద్ద పెద్ద రాతి విగ్రహాలకి పేరుపడ్డ దీవి అది. మన ఎదుటి చోటుకి సుమారు 1,400 కి.మీ. పక్కన ఉంది. ప్రపంచంలో అన్నిటికంటే ఏకాంతంగా ఉన్న విమానాశ్రయాల్లో దానికి పేరుంది. పెద్ద నగరం శాంటియాగో 3,750 కి.మీ. దూరం. స్పేస్ షటిల్ అత్యవసరంగా దిగాల్సి వస్తే పనికొస్తుందని నాసా 1987లో అక్కడి రన్‌వేని పొడిగించింది. షటిల్ ఎన్నడూ దిగలేదు గానీ పెద్ద జెట్‌లు దిగడానికి పనికొచ్చింది. శంషాబాద్ నుంచి అక్కడికి దారం లాగితే 18,600 కిలోమీటర్ల పైచిలుకు. వెళ్ళాలంటే మాత్రం ముందు రెండు మూడు విమానాలు మారి శాంటియాగో చేరాలి. అక్కణ్ణుంచి సముద్రం మీద ఇంకో అయిదు గంటల పైన.